ఆకు వెనుకవైపు

మా రాంబిల్లి సముద్రమునకు చేరువనున్న గ్రామము. శారదానది యీ ప్రాంతముననే కడలిలో కలియుచున్నది. 2022 వరకు మాది విశాఖపట్టణము జిల్లా; ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఏటికిని సముద్రమునకును నడుమనున్న యిసుకనేలలో సరుగుడుతోటలు, జీడిమామిడితోటలు, కొబ్బరిచెట్లు, గట్ల వెంబడి తాళ్లవరుసలు—ఇవియే మా వనసంపద. పైనుచెట్టును చూచినవారు మాలో మిక్కిలి యరుదు. చింతపల్లి మన్యమున అటవీశాఖవారు పెంచిన పైనువనములు కలవు గాని, మా బడిపిల్లలకు చింతపల్లియు హిమాలయమును ఒక్కటే దూరము. అట్టి పిల్లలకు 2018వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒకనాటి మధ్యాహ్నము, పైనుచెట్లను మాడ్చెడు ఒక శలభమును గూర్చి నేను కథ చెప్పుచుంటిని. చెప్పబోయిన పాఠమును నేనే నేర్చుకొంటిని. ఆ వృత్తాంతము నాకు గౌరవము తెచ్చునది కాదు. ఐనను చదువరులకు విన్నవించుటయే మంచిదని తోచినది.

ఆనాడు పాఠము ముగిసినను గంట కొట్టుటకు ఇంకను పదునైదు నిమిషములు మిగిలియుండెను. అట్టి సమయములందు ఏదైన నొక కథ చెప్పుట నా వాడుక. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున ఫాబ్రే యను బడిపంతులుండెను. ఆయన 1823లో పుట్టి 1915లో గతించెను. పేదవాడు. బాలికలకు పూవు కాయయగు విధమును విప్పి చెప్పినందులకు లోకాపవాదమున కెరయై అవిన్యోను పట్టణమును విడిచిపోవలసినవాడయ్యెను. జీవితమంతయు పురుగులను చూచుటలోనే గడపిన మహనీయుడాయన. ఆయన చూచిన పురుగులలో పైనుచెట్ల పురుగొకటి.

సంస్కృతకవులు హిమవంతమును వర్ణించునపుడు సరళవృక్షములని పేర్కొనునవి పైనుజాతి చెట్లే. ఐరోపా దక్షిణదేశములందలి పైనులకు ఒక శలభము, అనగా రాత్రివేళ దీపము చుట్టు తిరిగెడి రెక్కలపురుగుల జాతిలోనిది, బద్ధశత్రువు. ఆడుశలభము సూదులవంటి యా యాకుల చుట్టును గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు కొమ్మల చివర తెల్లని పట్టుగూడు అల్లుకొని, శీతకాలమంతయు పగలు గూటిలో నుండి, రాత్రులు బయలుదేరి ఆకులు మేయును. ఒకదాని వెనుక నొకటి, తోకకు తల తగులునట్లు బారుతీరి నడచుట వాని స్వభావము. ముందుది విడిచిన పట్టుదారమే వెనుకదానికి బాట. వాని రోమములు తగిలినచో చర్మము దద్దురులెక్కును. పురుగు ముమ్మరమైన యేట చెట్లు నిప్పుసెగ తగిలినట్లు మాడి కనబడును, లేతచెట్లు కృశించును. శీతకాలపు చలి తగ్గుచున్నకొలది నీ పురుగు ఉత్తరమునకును, కొండలమీదికిని ప్రాకుచున్నదని యిప్పటి శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి.

1896లో ఫాబ్రే యొక పరీక్ష చేసెను. ఒక పెద్దకుండీ యంచుమీదికి ఈ పురుగుల బారు ఎక్కగా, బారు మొదలును తుదయు కలిసినంతనే, మిగిలినవానిని తొలగించి, అవి వచ్చిన దారపు బాటను తుడిచివేసెను. ఇక ముందు నడచువాడు లేడు. అందరును వెనుక నడచువారే. ఆ పురుగులు ఏడుదినములు ఆ యంచు చుట్టును తిరిగినవి. రాత్రి చలికి ముడుచుకొని, తెల్లవారి మరల నడచినవి. మేత దూరమున లేదు. ముందున్నదాని తోకను విడిచి ప్రక్కకు దిగవలెనను బుద్ధి మాత్రము వానికి పుట్టలేదు.

“మనుష్యులలో కూడ ఇట్టి బారులు కలవు” అని చమత్కారముగా ముగించితిని. పిల్లలు నవ్విరి. నేనును సంతసించితిని.

అంతలో వెనుకబల్లనుండి ఒక బాలిక లేచి నిలుచుండెను. ఎనిమిదవ తరగతి పిల్ల, మాటలాడుట తక్కువ. “మాస్టారండీ, అలాంటి పురుగే మనూరు కూడా వచ్చిందేమోనండి. మీ మేనత్తగారి కొబ్బరిచెట్లు అలాగే మాడిపోతున్నాయి గదండి. మా ఇంట్లో వేరేలా చెప్పుకుంటారండి” అనెను.

గది నిశ్శబ్దమయ్యెను. వారింట వేరేలా చెప్పుకొనునదేమో ఆ గదిలో తెలియనివారు లేరు. నాకును తెలియును.

మా మేనత్త, అనగా మా తండ్రిగారి యక్కగారు, ఇరువదియారవ యేట భర్తను కోల్పోయి పుట్టింటికి వచ్చెను. సంతానము లేదు. మా తాతగారు ఊరికి తూర్పున నలువది సెంట్ల యిసుకనేలను ఆమె పేర వ్రాసి, పదునెనిమిది కొబ్బరిమొక్కలు నాటించిరి. “నేను పోయినా ఇవి నీకు అన్నం పెడతాయమ్మా” అని ఆయన పలికిన మాట మా యింట అందరును ఎరుగుదురు. అందు నాలుగుచెట్లను 2014 అక్టోబరు 12వ తేదీనాటి హుద్‌హుద్ తుపాను పడగొట్టెను. మిగిలినవి పదునాలుగు. దింపు తీయించి కాయలమ్మియు, మట్టలు అల్లకమున కిచ్చియు, ఈనెలు చీరి చీపుళ్లు కట్టియు, ఆమె తనకు కావలసినదంతయు తానే సమకూర్చుకొనుచుండెను. నేను కళాశాలలో చేరిననాడు కట్టిన రుసుము గూడ ఆ చెట్ల సొమ్మే.

2017 ఏప్రిల్ నెలలో తోట తుదనున్న చెట్టున క్రిందిమట్టలు ఎండుట కారంభించెను. ముదురుమట్ట యెండి రాలుట సహజమే గాన ఎవ్వరును గమనింపలేదు. తరువాత పైమట్టలు ఎండినవి, తరువాత ప్రక్కచెట్టు. ఎవరో క్రింద మంట పెట్టి ఆకులు కమలజేసినట్లుండెను; మొవ్వు మాత్రము పచ్చగానే యుండెను. వానలు కొంత తెరపినిచ్చినవి. మరల పుష్యమాసము దాటునప్పటికి ఆ మాడుపాటు పదునాలుగు చెట్లకును వ్యాపించి ప్రక్కతోటలోనికి దాటెను.

మాట మొదట ననినవారెవరో తెలియదు. ఇట్టి మాటలకు మొదలుండదు; ఫాబ్రే కుండీమీది బారువలె నవి చుట్టు తిరుగుచుండును. “పొద్దున్నే ఆవిడ మొహం చూసిన చెట్టు పచ్చగా ఎలా ఉంటుంది?” అని నీళ్లరేవున ననిరి. కోవెలకు కాయలు కొనువారు ఆమె కాయలు కొనుట మానిరి. ప్రక్కతోటవారు తమ చెట్లమీద ఆమె చూపు పడకుండుటకై ఎత్తుగా తడక కట్టించిరి. ఆమెతో ఎవ్వరును కలహింపలేదు. మాటలలో మర్యాదయు తగ్గలేదు. కాయ మాత్రము కొనరు. తడక మాత్రము కట్టుదురు.

అన్నిటికంటె ఘోరమైనది వేరొకటి. ఆ మాటను ఆమెయే నమ్మెను. అంతకు మున్ను ఉదయము అయిదుగంటలకే బిందెతో చెట్లలోనికి పోవునట్టి యామె, ప్రొద్దు గ్రుంకి మసకచీకటి పడినపిమ్మటనే నీళ్లు పోయుట మొదలిడెను. “చీకట్లో ఎందుకత్తా?” అని నేనొకనాడు అడిగితిని. “ఎండకి తాళలేకపోతున్నాను నాయనా” అనెను. అది మాఘమాసము, తెల్లవారుజామున ఎండ యెక్కడిది? నాకు నిజము తెలియును. తెలిసియు, “జాగ్రత్త, పురుగూ పుట్రా ఉంటాయి” అని మాత్రము పలికి, చేతిలోని పుస్తకముపైకి తల వంచుకొంటిని.

ఇంకొక సంగతియు దాచరాదు. ఆ మొదటి మట్ట యెండుచున్న నెలలోనే, 2017 ఏప్రిల్ 16వ తేదీని, కందుకూరి వీరేశలింగము పంతులుగారి జయంతిసభలో నేనుపన్యసించితిని. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున ఆయన జరిపించిన మొదటి వితంతువివాహమును గూర్చియు, ఆయన సైచిన బహిష్కారమును గూర్చియు గద్గదస్వరముతో చెప్పితిని. సభ్యులు చప్పట్లు కొట్టిరి. సభనుండి యింటికి వచ్చి, మా యత్త పెట్టిన మజ్జిగ త్రాగితిని.

నేను మూఢవిశ్వాసినై యూరకుండలేదు. చూపు తగిలి చెట్టెండుట కల్లయని నేను గట్టిగా నెరుగుదును. “అది కాదు” అనుటయే జ్ఞానమని భ్రమించితిని. “మరి యేది?” అని అడిగినవాడను కాను. లోకుల మాట తప్పని చెప్పుటకు నాయొద్ద కోపము కలదు గాని కారణము లేదు. కారణము నెత్తిమీదనే, పదునాలుగు చెట్లమీద, వేలకొలది యాకుల వెనుక వ్రేలాడుచుండెను. సంస్కృతమునందు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములను వల్లించినవాడను. ఆంగ్లమున పరిశీలనను గూర్చి వ్యాసములు వ్రాసినవాడను. ఐనను పది నెలలలో ఒక్కనాడును ఒక యాకును త్రిప్పి చూడనైతిని.

ఆ సాయంకాలమే ఆ బాలికను, మరి నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని తోటకు పోయితిని. దింపు తీయు నతనిని చెట్టెక్కించి క్రిందిమట్ట నొకదానిని నరికించితిని. పైనుండి చూడ నాకు బూడిదవన్నెగా మాడియుండెను. బాలిక దానిని తిరుగవేసెను. ఈనె కిరుప్రక్కలను, ఆకు పొడవునను, గోధుమవన్నె సన్నని సొరంగములు. పట్టుదారముతోను, రంపపుపొట్టువంటి తన మలముతోను పురుగు కట్టుకొన్న గొట్టములవి. పుల్లతో చీల్చగా లోపల లేతపచ్చని దేహమును, దానిమీద నిలువు గోధుమచారలును, నల్లని తలయు గల పురుగొకటి చురుకుగా వెనుకకు జరిగెను. ఒక్క యాకున అట్టివి మూడు కనబడినవి.

అంతలో మా యత్త బిందెతో వచ్చి, మమ్ము చూచి, దూరముననే నిలిచిపోయెను. బాలిక యా యాకును తీసికొనిపోయి ఆమె చేతిలో నుంచెను. ఆమె కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచెను. “ఇదేనా?” అనెను. కొంతసేపటికి, “ఇన్నాళ్లూ ఇది ఇక్కడే ఉందా?” అని మరల ననెను. అది పురుగును గూర్చి యడిగిన ప్రశ్నయే. నేను మాత్రము తల యెత్తలేకపోతిని.

మన రైతులు దీనిని నల్లముట్టెపురుగందురు. 1864లోనే వాకర్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు దీని శలభమునకు ఒపిసినా అరెనోసెల్లా యని పేరిడెను. లాటిను భాషలో అరేనా యనగా ఇసుక. మా యిసుకతోటల శత్రువున కా పేరు చక్కగా అమరినది. శలభము బూడిదవన్నె గల చిన్న ప్రాణి, రాత్రులందు సంచరించును. ఆడుది ముదురాకుల వెనుకవైపున నూటికి పైగా గ్రుడ్లు పెట్టును. పురుగుదశ సుమారు నలువది దినములు; ముడుచుకొని కోశములో నుండుట పండ్రెండు దినములు; రెక్కలు వచ్చినపిమ్మట బ్రదుకు వారము దినములు. అనగా రెండు నెలల కొక తరము. ఎండకాలమున ప్రబలును, వానలకు తగ్గును. ఆకుపచ్చయే చెట్టునకు వంటయిల్లు గదా! ఆ పచ్చదనమును పురుగు గీకి తినుటచే చెట్టు పస్తుండును. గెలలు చిన్నవగును, పిందెలు రాలును. గట్టిగా సోకిన తోటలో మరుసటి యేటి కాపు సగమునకు దగ్గరగా తగ్గుట కలదు. కొబ్బరియే కాక తాటియాకును దీనికి మేతయే. మా యత్త తోట తుదిగట్టుమీద తాళ్లవరుస యున్నది. మొదట మాడినది ఆ గట్టుప్రక్క చెట్టే. పురుగు ఆ తాళ్లనుండియే దిగి యుండవచ్చును. మొదటి చెట్టు ఆమెదగుటకు కారణమిది చాలును. తాడిచెట్టునకు పొరుగున నుండుట తప్ప ఆమె చేసిన పాపము లేదు.

ఇవన్నియు క్రొత్తగా కనుగొన్న రహస్యములు కావు. 1948లో వై. రామచంద్రరావు, చెరియన్, అనంతనారాయణన్ అను శాస్త్రజ్ఞులు దక్షిణదేశమున ఈ పురుగు సోకుటను గూర్చియు, దాని సహజశత్రువులచేతనే దానిని అణచు విధానమును గూర్చియు విపులమైన వ్యాసమును ప్రకటించిరి. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట అచ్చయిన సంగతి డెబ్బదియేండ్లకు గాని మా నలువది సెంట్ల తోటకు చేరలేదు. నడుమ నాపినవారెవరు? చదువనేర్చియు చదువని నావంటివారే.

కారణము తెలిసిన యుత్సాహములో నేను రెండవ తప్పు చేయబోతిని. మరునాడే ఎలమంచిలికి పోయి మోనోక్రోటోఫాస్ సీసా కొనితెచ్చితిని. ఆ కాలమున దానిని వేరు ద్వారా నెక్కించు పద్ధతి వాడుకలో నుండెను. బ్రదికియున్న వేరు నొకదానిని వాలుగా కోసి, పది మిల్లీలీటర్ల మందును అంతే నీటితో కలిపి చిన్న ప్లాస్టికు సంచిలో పోసి, వేరుకొనను అందులో ముంచి కట్టుదురు. చెట్టు ఆ విషమును త్రాగును. ఆకు తిన్న పురుగు చచ్చును. పిమ్మట నలువదియైదు దినములు కాయ కోయరాదు. ఇదంతయు నేను అరుగుమీద కూర్చుండి మా యత్తకు వివరించితిని.

“కాయలోకి రాదా నాయనా?” అని ఆమె అడిగెను.

“నలభై అయిదు రోజులు కోయకూడదత్తా. తరువాత భయం లేదు.”

“నేను కోయను. మరి వీధిపిల్లలకి ఎవరు చెప్తారు? రాలిన బొండం కనబడితే తాగేస్తారు.”

నాకు బీహారు సంగతి జ్ఞప్తికి వచ్చెను. 2013 జూలై 16వ తేదీని సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామమున బడిలో మధ్యాహ్నభోజనము చేసి ఇరువదిముగ్గురు పిల్లలు మరణించిరి. వంటనూనెలో కలిసిన విషము ఈ మోనోక్రోటోఫాసే. ఆ వార్త వచ్చిన దినములలో మా బడి వంటశాలకు పోయి నూనెడబ్బాను ప్రతిదినము వాసన చూచినవాడను నేనే. ఆ విషమునే నా చేతులతో కొనితెచ్చి, పిల్లలు తిరుగు అరుగుమీద పెట్టుకొని కూర్చుంటిని! మరునాటి యుదయముననే సీసాను దుకాణమున అప్పగించి వచ్చితిని. సొమ్ము తిరిగి రాలేదు. రానందుకు విచారింపలేదు. దిష్టిని నమ్మువాడును, సీసాను నమ్మువాడును ఒక విషయమున సమానులే. ఇరువురును నిదానించి చూచు శ్రమను తప్పించుకొనగోరువారు.

కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనస్థానమున ఈ పురుగు శత్రువులను పెంచి రైతుల కిచ్చుచుందురని తెలిసికొని, ఒక సెలవుదినమున పోయి, గాజుగొట్టములలో వానిని తెచ్చితిని. గోనియోజస్, బ్రాకన్ అనునవి వాని పేర్లు. రెండును చీమంతటి చిన్న కందిరీగలు, మనుష్యులను కుట్టవు. వీనిని పెంచు విధము గృహిణులకు వినోదము కలిగింపగలదు. మన డబ్బాలలో బియ్యమును, నూకలను గూడుకట్టి పాడుచేయు శలభపు పురుగును పరిశోధనశాలలలో పనిగట్టుకొని పెంచి, దానిని ఈ కందిరీగల పిల్లలకు ఆహారముగా పెట్టుదురు. మన యింటి శత్రువు మన తోట మిత్రునికి భోజనమైనది.

ఒక గొట్టమును తరగతిలో నుంచి, నల్లముట్టెపురుగు నొకదానిని అందులో విడిచితిమి. గోనియోజస్ ఆడుది పురుగును కుట్టి కదలకుండ చేసెను. పిమ్మట దాని మేనిమీద వరుసగా గ్రుడ్లు పెట్టెను. పిల్లలు పుట్టి ఆ పురుగునే తిని పెరుగజొచ్చినవి. మాకు ఆశ్చర్యము కలిగించినది మరియొకటి. తల్లి యెగిరిపోలేదు. పిల్లలు గూళ్లు కట్టుకొనువరకు ప్రక్కనే కాచియుండెను. శాస్త్రజ్ఞులును దీని మాతృరక్షణమును ప్రత్యేకముగా వర్ణించిరి. కందిరీగలలో అనేకజాతులు గ్రుడ్లు పెట్టి తమ దారిని తాము పోవును, ఇది పోదు. గొట్టమును ఇంటికి కొనిపోయి మా యత్తకు చూపితిని. ఆమె దీపము దగ్గరకు పట్టి చూచి, “చీమంత లేదు గానీ కాపలా మానదే!” అనెను. అంతకుమించి యేమియు ననలేదు. గొట్టమును మాత్రము ఆ రాత్రి తన గదిలోనే యుంచుకొనెను.

ఇక తడక సంగతి. పురుగు తడకలను గుర్తింపదు గాన, ప్రక్కతోటలోను కందిరీగలను విడువకున్న మా శ్రమ వ్యర్థము. ఆ తోట యజమాని నాకు మామ వరుస. ఆయనను కలియుటకు పోయి, మాటలాడుచు ఆ తడకనుండి ఒక యాకు లాగి త్రిప్పి చూచితిని. వెనుకవైపున ఎండిన సొరంగములు, ఖాళీ గూళ్లు! ఆ తడకకు మట్ట లెక్కడివి? మా యత్త తోటలో నరికివేసిన మాడినమట్టలే. చౌకగా వచ్చునని ఆమెవద్దనే కొని, అల్లించి, తమ చెట్ల మొదళ్ల ప్రక్కనే నిలిపిరి. శలభమునకు రెక్కలు కలవు. తడక లేకున్నను దాటియుండునేమో. ఐనను, చూపు నాపుటకై కట్టిన గోడయే పురుగును మోసికొని వచ్చెనను తలంపు నన్ను విడువలేదు.

“మామా, ఈ ఆకొకసారి తిప్పి చూడండి” అంటిని. ఆయన చూచెను. సొరంగమును గోటితో చీల్చి చూచెను. చూచి, “పురుగు సరేనయ్యా. ఆ పురుగుని పంపిందెవరంట?” అనెను.

చదువరులారా! ఈ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆకు త్రిప్పినంతనే మనుష్యుని మనస్సు తిరుగునని నేననుకొంటిని. తిరుగదు. తాళ్లవరుసను చూపితిని, తడకను చూపితిని, ఎండకాలమును, వానలను గూర్చి చెప్పితిని. ఆయన ఊకొట్టెను. ఆమెను గూర్చి తన యభిప్రాయమును మార్చుకొనెనో లేదో నేటికిని నేనెరుగను. కాని మేము బయలుదేరునపుడు, “ఆ గొట్టాలేవో మా చెట్లకి కూడా తెప్పించు” అనెను. ఆ మాటతోనే తృప్తిపడి వచ్చితిని. కొందరియెడ నమ్మకముకంటె ముందు పని మారును.

ఆ వేసవిలో ఎక్కువ చెడిన క్రిందిమట్టలను నరికించి కాల్చివేసితిమి. చెట్టునకు ఇరువది వంతున, సాయంవేళలందు, రెండుతోటలలోను కందిరీగలను మూడు విడతలుగా విడిచితిమి. విషమువలె నవి మూడు దినములలో ఫలము చూపలేదు. వానలు వచ్చినవి, క్రొత్తమట్టలు విచ్చుకొన్నవి. 2019 సంక్రాంతినాటికి పదునాలుగు చెట్లును దూరమునకు పచ్చగా కనబడినవి. కొబ్బరిపూత ముదురుకాయ యగుటకు ఏడాది పట్టును గాన ఆదాయము వెంటనే రాలేదు. ఆ యేడు మా యత్త చీపుళ్ల సొమ్ముతోనే గడపెను. పురుగు నిర్మూలమును కాలేదు. ఏటేట మాఘమాసమున కొన్ని యాకుల వెనుక సొరంగములు కనబడుచునే యున్నవి. వానితోపాటు కందిరీగలును కనబడుచున్నవి. రెండును ఉన్నంతవరకు చెట్టు బ్రదుకును.

చెట్లు పచ్చబడినను మా యత్త మాత్రము చీకటి పడినపిమ్మటనే నీళ్లు పోయుచుండెను. “పురుగని తెలిసింది గదా అత్తా, ఇంకా ఎందుకు?” అని అడిగితిని. “అలవాటైపోయింది నాయనా” అనెను. ఆకులోని పురుగునకు శత్రువును తేగలిగితిని. ఊరివారి మాటలును, నా మౌనమును కలిసి ఆమె మనస్సున పెట్టిన పురుగునకు ఏ పరిశోధనస్థానమునను గొట్టములు దొరకవు.

దానికి ఉపాయము వెదకినది నేను కాను. వెనుకబల్ల బాలిక ప్రతిదినము బడికి వచ్చుటకు ముందు తోటకు పోయి, “మామ్మగారూ, ఈ వేళ ఆకు చూద్దాం రండి” అని కేకవేయజొచ్చెను. పిల్ల పిలిచినపుడు రాననుట యెట్లు? మొదట గడపవరకు, పిమ్మట గట్టువరకు, పిమ్మట చెట్టుక్రిందికి ఆమె వచ్చెను. కొన్ని నెలలకు బిందెయు చేతనుండెను. ఒకనాడు నేను నిదుర లేచి చూచునప్పటికి తెల్లవారినది. పెరటిలో బిందె లేదు. నేను తోటకు పోలేదు. పోయి చూచుట కూడ ఆమెకు బరువగునని తోచినది. కోవెలకు కాయలు కొనువారిలో కొందరు తిరిగి వచ్చిరి; కొందరు నేటికిని రారు. తడక రెండేండ్లకు చివికి పడిపోయెను. దానిని మరల నెవ్వరును కట్టలేదు.

ఫాబ్రే పురుగులు కుండీ యంచున ఏడుదినములు తిరిగినవని నవ్వుచు చెప్పితిని. నేను పది నెలలు తిరిగితిని. ఆ బారునుండి మొదట దిగినది ప్రమాణశాస్త్రము చదివిన నేను కాదు, ఎనిమిదవ తరగతి బాలిక. ఆమె చేసినది రెండే పనులు. ఇంటిలో విన్నమాటకును బడిలో విన్నమాటకును పొత్తు కుదరకపోగా లేచి అడిగెను. అడిగినపిమ్మట ఆకు త్రిప్పి చూచెను.

సంస్కారమును కోరు మనవంటివారి యిండ్లలో సభలు కలవు, గ్రంథములు కలవు, పత్రికలు కలవు. లోకుల మూఢత్వమును పరిహసించుట మనకు సులభము. ఆ మూఢత్వమునకు బలియగుచున్నవారు మన వంటయింటిలోనే మజ్జిగ కలుపుచుందురు. వారికై కారణము వెదకుట మనకు తీరిక లేని పని. తోటలో చెట్టు మాడిన ఆకు త్రిప్పి చూడుడు. అది కష్టము కాదు. మీ యింట చీకటి పడినపిమ్మట నీళ్లు పోయువారెవరైన నున్నారేమో, అదియు నొకసారి చూడుడు.